లావు తీగలు గుమ్మంటున్నయ్, సన్న తీగలు వినబడ్తలేవు

ఈసారి వచ్చిన గిటార్ ఉత్తరాలల్ల ఐదింటిది ఒకటే గోస, బేస్ ఎక్కువైంది అని. చదువుతుంటే అందరిదీ ఒకటే జబ్బు అనిపిస్తది గని ఐదింటికి ఐదు కారణాలు ఉన్నయ్, ఒకరికి చెప్పిన మందు ఇంకొకరికి ఉల్టా పని చేస్తది, అందుకే ఐదూ ఒక్కకాడ పెట్టి జవాబు ఇస్తున్న.

ప్రశ్న: అన్నా నమస్తే. ఆర్నెల్ల కింద సెకండ్‌హ్యాండ్‌ల ఎలక్ట్రిక్ గిటార్ కొన్న, తీగల ఊగుడుని పట్టుకునే పికప్‌లు రెండున్నయ్, రెండూ జంట చుట్టల హంబకర్ రకం, దాంతోపాటే 20 వాట్ల చిన్న ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) కూడ ఇచ్చిండు. కొన్నకాడి సంది ఒకటే బాధ, కింది రెండు తీగలు అంటే లావు తీగలు కొడ్తే గుమ్ము గుమ్ముమని ఒకటే మోత, కార్డు, అంటే తీగలు కలిపి ఒక్కసారే, కొట్టిన్నంటే ఆ రెండే వినబడ్తయ్, సన్న తీగలు ఏడికి పోయినయో తెల్వదు. ఆంప్‌ల బేస్ నాబ్ సున్నా దాక దించి చూసిన, సౌండ్ మొత్తం పల్చగ అయిపోయి డబ్బా రేడియో లెక్క వస్తుంది గని లావు తీగల పెత్తనం మాత్రం అట్లనే ఉంటది. ఆంప్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టి విన్నా అంతే. ఫోన్‌ల రికార్డు చేసి వింటే మాత్రం మంచిగనే ఉంటది, ఇది అస్సలు అర్థం అయితలేదు. బ్రిడ్జి పికప్ (తీగలు కట్టిన కింది చివర కాడిది) మీద జర నయం, నెక్ పికప్ (మెడ దిక్కుది) మీదికి మార్చిన్నంటే ఇంక భరించలేం. మా దోస్తు పికప్‌లు మార్చెయ్, ఆరేడు వేలల్ల అయిపోతది అంటుండు. ఇంట్ల అడిగే పరిస్థితి లేదన్నా. ఏం చెయ్యాలె?
– ఓ పాఠకుడు, నల్లగొండ

జవాబు: తమ్ముడూ, ముందుగాల ఒక మాట, పికప్‌లు మార్చకు. ఆరేడు వేలు పెట్టి కొత్తవి వేయించినా వాటిని కూడ ఇప్పుడున్న ఎత్తుల్నే బిగిస్తే మళ్ల ఇదే మోత వస్తది. నీ ఉత్తరంల సగం జవాబు నువ్వే రాసినవ్.

హెడ్‌ఫోన్స్‌ల కూడ అట్లనే ఉందన్నవ్ గదా, అంటే నీ రూమ్ తప్పు లేదు, గోడల తప్పు లేదు, ఆంప్ స్పీకర్ తప్పు కూడ లేదు. ఫోన్‌ల మంచిగ వినబడ్తుంది అన్నవ్, దాన్ని నమ్మకు, ఎందుకంటే ఆరో తీగ, అంటే అన్నింటికంటె లావుది, ఖాళీగ మీటితే వచ్చే స్వరం సుమారు 82 హెర్ట్జ్, అంటే సెకనుకు 82 ఊగుళ్లు, ఐదో తీగది 110, ఫోన్ స్పీకర్ అంత చిన్నది ఆ లోతు సౌండ్‌ని బయటికి ఇయ్యలేదు, అందుకే ఆడ గుమ్ము మాయమైతది. ఇంక మూడోది, అసలు సంగతి అదే, నెక్ పికప్ మీద ఎక్కువ, బ్రిడ్జి మీద తక్కువ అన్నవ్. ఆ ఒక్క లైను చదవంగనే నాకు నీ గిటార్ కండ్ల ముందు కనబడ్డది, నెక్ పికప్ లావు తీగల సైడు బాగ పైకి లేచి ఉండి ఉంటది, కొన్నిసార్లు పాత ఓనర్లు సౌండ్ పెద్దగ రావాలని స్క్రూలు బిగించుకుంటనే పోతరు.

బేస్ ఎక్కువ కావడం వేరు, లావు తీగల సౌండ్ ఎక్కువ కావడం వేరు. ఈ రెండూ చెవికి ఒకటే లెక్క వినబడ్తయ్ గని మందులు వేరు. ఆరో తీగ అంటే ఒక్క 82 హెర్ట్జ్ కాదు, దాంట్ల 165 ఉంటది, 247 ఉంటది, 330 ఉంటది, ఇంక పైకి పోతనే ఉంటది. 247 అంటే నీ రెండో తీగ ఖాళీ స్వరం, 330 అంటే సరిగ్గ నీ ఒకటో తీగ. అంటే లావు తీగ మరీ గట్టిగ మోగితే సన్న తీగల జాగల కూడ అదే వచ్చి కూసుంటది. నువ్వు బేస్ నాబ్ దించితే అన్ని తీగలల్ల కింది భాగం కోసుకపోతది తప్ప ఆరో తీగకు, ఒకటో తీగకు మధ్య ఉన్న హెచ్చుతగ్గు పెద్దగ మారదు. అందుకే సౌండ్ పల్చబడ్డది, పెత్తనం పోలేదు. తీగకు తీగకు మధ్య లెక్క సరిచేయాల్నంటే అది ఆంప్ దగ్గర అయ్యే పని కాదు, పికప్ దగ్గరనే చెయ్యాలె.

పికప్ అంటే ఏం లేదు, ఒక అయస్కాంతం, దాని సుట్టు వేల సుట్లు సన్న రాగి తీగ. పైన ఉక్కు తీగ ఊగితే ఆ రాగి చుట్టల్ల కరెంటు పుడ్తది. ఉక్కు ఎంత ఎక్కువుంటే అంత, ఎంత దగ్గరుంటే అంత, ఎంత వెడల్పుగ ఊగితే అంత. లావు తీగల ఉక్కు ఎట్లాగూ ఎక్కువే. ఊగుడు సంగతి నీ కండ్లతోనే చూడొచ్చు, గిటార్‌ని వెలుతురు దిక్కు పెట్టి పక్క నుంచి చూసుకుంట ఆరో తీగ గట్టిగ మీటు, బ్రిడ్జి కాడ తీగ కదుల్తున్నట్టే ఉండదు, నెక్ పికప్ మీద మాత్రం తీగ కనబడదు, వెడల్పాటి మసక పట్టీ లెక్క కనబడ్తది. ఆ మసక పట్టీ కింద పికప్ దాదాపు తగిలేటంత దగ్గరుంటే గుమ్మనక ఏమైతది.

ఇప్పుడు పని చెప్త. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకో. స్టీలు స్కేలు వద్దు, అయస్కాంతానికి అతుక్కుని లెక్క తప్పిస్తది. స్కూలు స్కేలుకి సున్నా గీతకంటె ముందు కొంచెం ఖాళీ ఉంటది చూడు, ఆ ముక్కని కట్టర్‌తో సున్నా గీత దాక కోసెయ్. ఇప్పుడు గిటార్‌ని వాయించే తీరుగనే ఒళ్లె పెట్టుకుని ఆరో తీగని చిట్టచివరి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగ ఉండే లోహపు గీతలల్ల పికప్‌ల దిక్కు ఆఖరిది) మీద నొక్కి పట్టు, నొక్కకుండ కొలవకు, తేడా వస్తది. తీగ అడుగు నుంచి పికప్ మీదున్న స్క్రూ తల దాక ఎంత సందు ఉందో చూడు. ఒకటో తీగ కూడ అట్లనే కొలువు. నాలుగు లెక్కలు వస్తయ్, నెక్ పికప్‌కి రెండు, బ్రిడ్జికి రెండు. ఏ స్క్రూ ముట్టేముందన్నా ఆ నాలుగూ కాగితం మీద రాసి పెట్టుకో, రేపు నచ్చకపోతే మళ్ల యథాస్థితికి పోవచ్చు.

హంబకర్లకు మామూలుగ మొదలుపెట్టే లెక్క, నెక్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జి దగ్గర 1.6. నీదాంట్ల నెక్ పికప్ ఆరో తీగ సైడు ఒకటి, ఒకటిన్నర ఉంటే నేనేం ఆశ్చర్యపోను. పికప్ సుట్టు ఉన్న ప్లాస్టిక్ రింగు మీద ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి స్క్రూలుంటయ్ గదా, లావు తీగల సైడుది ఎడమకు తిప్పితే పికప్ కిందికి దిగుతది, కుడికి తిప్పితే పైకి లేస్తది. కొన్ని గిటార్లల్ల రింగు ఉండదు, పికప్‌ని నేరుగ చెక్కలకే బిగిస్తరు, వాటికి ఇది ఉల్టా. ఒక్కసారే తిప్పుకుంట పోకు, సగం తిప్పు, కొట్టి విను, మళ్ల సగం. పూర్తిగ విప్పినవనుకో స్క్రూ ఊడి పికప్ లోపటికి పడ్తది, స్ప్రింగు ఏడనో ఎగిరిపోతది, అప్పుడు తీగలన్నీ విప్పాల్సి వస్తది.

2.4 దగ్గర ఆగి విను. ఇంకా పెత్తనం ఉంటే ఆ సైడు 3 దాక దించు, మూడున్నర పెట్టుకునేటోళ్లు కూడ ఉన్నరు, తప్పేం కాదు. సన్న తీగల సైడు మాత్రం కొంచెం పైకి లేపు. చూస్తే పికప్ వంకరగ కనబడ్తది, కనబడనీ, అది అట్ల ఉండడానికే రెండు వేరు వేరు స్క్రూలు ఇచ్చిండ్రు. సౌండ్ మొత్తం మీద కొద్దిగ తగ్గినట్టు అనిపిస్తది, అది ఆంప్‌ల వాల్యూమ్ పెంచుకుంటే సరిపోతది. ఇంకొక లాభం కూడ ఉంది, ఆరో తీగ మీద 12వ ఫ్రెట్ దాటినంక రెండు స్వరాలు కలిసి వణుకుతున్నట్టు ఏమన్నా వినబడ్తుండెనా? అయస్కాంతం మరీ దగ్గరుండి తీగను లాగితే అట్లయితది, ఎంత ట్యూన్ చేసినా కుదరదు, పికప్ దించంగనే అది కూడ పోతది.

అయినంక పరీక్ష ఇది. గిటార్ వాల్యూమ్, టోన్ నాబులు పూర్తిగ పెట్టు, ఆంప్ క్లీన్ ఛానల్ (సౌండ్‌ని పగలగొట్టనిది), నాబులన్నీ మధ్యల. ఈ-మేజర్ కార్డు పట్టుకుని ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాక ఒక్కొక్కటి నిమ్మలంగ, ఒకటే బలంతో మీటు. మెట్లు ఎక్కినట్టు సమానంగ రావాలె. ఇంక ఒకటే తీగ ఎక్కువ కొడ్తుంటే అప్పుడు పికప్ మొత్తం ముట్టకు, ఆ తీగ కింద ఉన్న చిన్న స్క్రూ ఒక్కటే పావు వంతు, సగం దించు. ఇది హంబకర్ల మీద స్క్రూ తలలు కనబడేటోళ్లకు మాత్రమే. సింగిల్ కాయిల్ పికప్‌లల్ల కనబడే గుండ్రటి బిళ్లలు చాలామటుకు స్క్రూలు కావు, అయస్కాంతాలే, చాలా వాటిల్ల రాగి తీగ నేరుగ వాటి మీదనే సుట్టి ఉంటది, వాటిని నొక్కినా కొట్టినా లోపట తీగ తెగి పికప్ పోతది. చదివేటోళ్లు ఎవ్వరు కూడ ఆ పని చెయ్యొద్దు.

తీగల కవర్ ఉంటే ఒకసారి చూడు తమ్ముడూ. మామూలు సెట్ 10 నుంచి 46, అంటే ఒకటో తీగ నుంచి ఆరో తీగ దాక లావు, అంగుళంల వెయ్యో వంతు లెక్కల. 10 నుంచి 52 అని కూడ దొరుకుతది, ఒకటి, రెండు, మూడో తీగలు సన్నగనే ఉండి నాలుగు, ఐదు, ఆరో తీగలు మరీ లావుగ ఉంటయ్, షాపుల పదో నంబర్ సెట్ ఇయ్యమంటే ఇది చేతుల పెట్టిండ్రనుకో, మనకు తేడా తెల్వదు. నీదాని మీద 52 ఉంటే ఈసారి మార్చేటప్పుడు 46 వేసుకో.

ఇంకొకటి, నీ చెయ్యి. అకూస్టిక్ మీద నేర్చుకుని వచ్చినోళ్లు లావు తీగల మీద చెయ్యి బరువు వేసి కొడ్తరు, చెక్క గిటార్‌కి అది కావాలె, ఎలక్ట్రిక్‌కి అక్కర్లేదు. చెయ్యి తేలిక చేసి చూడు, ఆరో తీగను పట్టీ పట్టనట్టు ముట్టించి రెండో, ఒకటో తీగల మీద బలం పెట్టు. వారం రోజులల్ల అలవాటైతది.

ఒక చిన్న సంగతి కూడ. నువ్వు కింది తీగలు అన్నవ్, చాలామంది వాటినే పై తీగలు అంటరు. స్వరం ప్రకారం కింద, చేతుల పట్టుకుంటే పైన, రెండూ కరెక్టే. కాని రిపేరు కాడ ఈ మాటతోనే పని చెడ్తది, నేను ఒకసారి పై తీగల సైడు దించుమని చెప్పి ఇచ్చి వస్తే ఆయన సన్న తీగల సైడు దించి ఇచ్చిండు, తప్పు ఆయనది కాదు, మాట అట్లుంది. ఆరో తీగ, ఐదో తీగ అని నంబర్‌తో చెప్పు, గొడవుండదు.

ప్రశ్న: సార్, నా గిటార్ తీగలు వేసి ఏడాది దాటింది. లావు తీగలు మొద్దుగ, మూసుకుపోయినట్టు వస్తున్నయ్, సన్నవి మాత్రం బాగనే ఉన్నయ్. తీగలు నీళ్లల్ల మరగబెడితే కొత్తగ అయితయ్ అంటున్నరు, నిజమేనా?
– దేవరకొండ

జవాబు: లావు తీగలు ఒంటి తీగలు కావు, లోపల ఒక తీగ, దాని మీద సన్న తీగ చుట్టి ఉంటది. ఆ చుట్టల సందుల్ల చెమట, చర్మం పొట్టు, దుమ్ము పట్టుకుని ముందు పైసౌండ్ చస్తది, మిగిలేది మొద్దు బేస్. సన్న తీగలకు చుట్ట లేదు కాబట్టి అవి జర ఆగుతయ్. మరగబెడితే మట్టి కొంత పోయి కొన్ని రోజులు మెరుస్తయ్, నిజమే, గని విప్పి మళ్ల బిగించేటప్పుడు పాత తీగ మెలిక దగ్గర తెగొచ్చు. ఏడాది అయిందంటున్నరు, ఆరూ ఒక్కసారే మార్చండి. కొత్తవి వేసినంక వాయించుడు అయిపోంగనే పాత బనీను గుడ్డతో ఒక్కొక్క తీగని కింది నుంచి కూడ తుడవండి, మన ఎండాకాలం చెమటకు ఇది తప్పనిసరి.

ప్రశ్న: అన్నా వందనాలు. మాది మహబూబ్‌నగర్ దగ్గర. చర్చిల ఆరాధన పాటలకు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్త. ఆంప్ లేదు, గిటార్ వైరు స్టేజీ మీద నుంచి వెనక ఉన్న సౌండ్ మిక్సర్ దాక పోతది, అందాజ 50 అడుగులుంటది. ఇంట్ల చిన్న ఆంప్‌ల పెట్టుకుంటే ఎంత స్పష్టంగ వస్తదో, చర్చిల అంత మురికిగ, దుప్పటి కప్పినట్టు వస్తది, లావు తీగలు కీబోర్డ్ బేస్‌లో కలిసిపోతయ్. సౌండ్ చూసే అన్న ట్రెబుల్ మొత్తం పెంచినా కీచుమంటది తప్ప బాగయితలేదు. నా వాయింపుల తప్పుందేమో అని బాధైతుంది.
– ఓ సోదరి

జవాబు: చెల్లె, నీ వాయింపుల ఏం తప్పు లేదు, ఇంట్ల స్పష్టంగ వస్తుందంటేనే అది తేలిపోయింది. ఆ బాధ ముందు తీసెయ్.

తప్పు వైరు పోయే దారిల ఉంది, అది కూడ రెండు కాడ. గిటార్ పికప్ చాలా బక్క మిషన్, దాని నుంచి వచ్చే సిగ్నల్‌ని తీసుకునే అవతలి పెట్టె దాన్ని ఎక్కువ గుంజొద్దు. గిటార్ ఆంప్ ఇన్‌పుట్‌ల కరెంటుకు అడ్డు సాధారణంగ 10 లక్షల ఓమ్‌లు ఉంటది, అంటే దాదాపు ఏం గుంజదు. మిక్సర్‌ల లైన్ ఇన్‌పుట్ చాలా వాటిల్ల 10 వేల నుంచి 50 వేల ఓమ్‌లే. మన పాలమూరు బోర్ల లెక్క చెప్తే నీకు తొందరగ అర్థమైతది, నీళ్లు తక్కువున్న బోరుకి పెద్ద పైపు విప్పిపెడ్తే నీళ్లు కాడనే కారిపోతయ్, మూతి సన్నగ చేస్తే ఎగిరి దూరం పడ్తయ్. లైన్ ఇన్‌పుట్ అంటే పెద్ద పైపు. ఈడ ముందు చచ్చేది ట్రెబుల్, మిగిలేది బేస్. ఒకసారి దారిల పోయిన ట్రెబుల్‌ని మిక్సర్‌ల నాబ్ తిప్పి వాపస్ తేలేం, అందుకే కీచుమంటుంది, లేనిదాన్ని పెంచుతుంటే శబ్దమే పెరుగుతది.

రెండోది ఆ 50 అడుగుల వైరు. గిటార్ వైరు ఎంత పొడుగైతే అంత పైసౌండ్‌ని తాగుతది, 15, 20 అడుగులు దాటొద్దు.

రెండింటికి ఒకటే మందు, యాక్టివ్ డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేటట్టు మార్చే చిన్న పెట్టె. గిటార్ నుంచి చిన్న వైరుతో స్టేజీ మీదనే దాంట్లకు పోవాలె, ఆడి నుంచి మైకులకు వాడే మూడు పిన్నుల వైరుతో మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి, ఆ వైరు 50 అడుగులు కాదు 100 అడుగులున్నా ఫరక్ పడదు. అది నడవాల్నంటే మిక్సర్‌ల 48 వోల్టుల ఫాంటమ్ బటన్ (మైక్ వైరు మీదనే కరెంటు పంపేది) నొక్కాలె, కొన్నింటికి బ్యాటరీ కూడ పడ్తది. చర్చి వాళ్లు ఇప్పుడే కొనలేమంటే ఇంకో తొవ్వ ఉంది, ఎవరి దగ్గరన్నా మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఉంటే గిటార్‌కి మిక్సర్‌కి మధ్యల పెట్టు, ఎఫెక్ట్ ఏదీ ఆన్ చెయ్యకున్నా సరే, అది గిటార్‌కి కావల్సిన ఇన్‌పుట్ ఇచ్చి అవతలికి బలంగ పంపిస్తది. పోయిన క్రిస్మస్ ముందు సాగర్ రోడ్డు దిక్కు ఒక ఊర్ల నేను మిక్సర్ మీద కూసున్నప్పుడు ఇదే చేసినం, ఆఖరి ప్రాక్టీసుల ఒక పిల్లగాడు తెచ్చిన పెడల్ మధ్యల పెట్టంగనే వాయిస్తున్నాయన ఆగి స్పీకర్ దిక్కు చూసిండు, ఆయన గిటార్ అట్లుంటదని ఆయనకే ఆ రోజు దాక తెల్వదు. మీ మిక్సర్ కొంచెం కొత్తదైతే ఏదో ఒక ఛానల్ మీద గిటార్ బొమ్మ గాని హై-జెడ్ అని రాసిన బటన్ గాని ఉందేమో చూడుమను, ఉంటే మిక్సర్‌ని స్టేజీ దగ్గరికి జరుపుకుని చిన్న వైరుతో నేరుగ దాంట్లనే పెట్టొచ్చు.

ఇవి అయినంక కూడ లావు తీగలు కీబోర్డుతో కలిసిపోతుంటే ఛానల్ మీద లో-కట్ (లోతు సౌండ్‌ని కోసే) బటన్ నొక్కుమను, 80 గాని 100 హెర్ట్జ్ గాని ఉంటది, గిటార్‌కి దాని కింద పెద్ద పనేం లేదు. కీబోర్డ్ అన్నతో కూడ ప్రేమగ మాట్లాడు, ఎడమ చెయ్యి అంతా కింది స్వరాలల్ల నింపుతుంటే గిటార్‌కి జాగ ఉండదు, నువ్వు కార్డులు ఒకటో తీగ నుంచి నాలుగో తీగ దాకనే పట్టు, ఆయన కింద పట్టుకుంటడు, పాట విప్పారి వినబడ్తది.

ప్రశ్న: బ్రో, నేను మెటల్ (గట్టి రాక్ సంగీతం) కొడ్త. డ్రాప్ సీ ట్యూనింగ్ అంటే ఆరో తీగని సీ స్వరం దాక దించి, 9–42 తీగలు, ఫుల్ డిస్టార్షన్ (సౌండ్‌ని పగలగొట్టే ఎఫెక్ట్). చెయ్యి అడ్డం పెట్టి ఆరో తీగ కొడ్తే దడ్ దడ్ మని టైట్‌గ రావాలె గదా, నాకు బొయ్‌య్ అని సాగుతుంది, మొత్తం బురద. బేస్ తగ్గిస్తే పవర్ పోతుంది.
– వనపర్తి

జవాబు: బతుకమ్మకో బోనాలకో డప్పు కొట్టేటోళ్లను చూసినవా, మొదలుపెట్టే ముందు మంట కాడ కాపుతరు, తోలు బిర్రు కావాలె, లేకుంటే దెబ్బ పలకదు, బొద్దుగ వస్తది. నీ ఆరో తీగ కాపని డప్పు. 82 హెర్ట్జ్‌కి చేసిన సన్న తీగని 65 దాక దించినవ్, అది లూజయి ఊగుతుంది. పైన నల్లగొండ తమ్ముడికి 52 వద్దన్న, నీకు మాత్రం 52 కావాలె, 54 అయినా మంచిదే. లావు తీగలు వేసినంక మెడ వంపు కొద్దిగ మారుతది, నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాట్ల పట్టీ) దగ్గర సందుల తీగ పట్టకపోవచ్చు, తెలిసినోళ్లతో ఒకసారి సెట్ చేయించుకో.

రెండోది, బేస్ ఏడ తగ్గిస్తున్నవో చూడు. డిస్టార్షన్ అయినంక తగ్గిస్తే పవర్ పోతది, డిస్టార్షన్ ముందు తగ్గించాలె. డిస్టార్షన్‌లకు లావు బేస్ పోతే అదే అన్నింటిని నలిపి బురద చేస్తది. ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ ఆంప్ ముందు పెట్టి డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ ఎక్కువ పెట్టుకునేది ఎందుకనుకున్నవ్? ఆ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తక్కువ చేసి ముందుకు పంపుతది, అందుకే టైట్ అయితది. డిస్టార్షన్ దాటినంక ఆంప్‌ల బేస్ మళ్ల కొంచెం పెంచుకో, అప్పుడు కడుపుల గుద్దినట్టు వస్తది. గెయిన్ (డిస్టార్షన్ ఎంతనో చెప్పే నాబ్) కూడ ఇప్పుడున్నదాంట్ల మూడో వంతు తీసెయ్, నీకు తక్కువైనట్టు అనిపిస్తది, బ్యాండ్‌తో కలిసినప్పుడు సరిపోతది.

ప్రశ్న: మా రూమ్‌ల ఆరో తీగ ఐదో ఫ్రెట్ నొక్కినా, ఐదో తీగ ఖాళీగ కొట్టినా ఇల్లంత గుయ్యిమంటది, దాని పక్క ఫ్రెట్లు మామూలే. దోస్తు ఇంట్ల అదే గిటార్, అదే ఆంప్, ఏం లేదు. గోడలకు స్పాంజి షీట్లు కొట్టమంటున్నరు. రూమ్ పదికి పది, కింద షాబాద్ బండలు, ఆంప్ మూలకు పెట్టిన.
– సూర్యాపేట

జవాబు: స్పాంజి కొనకండి, అంగుళం మందం షీట్లు పైసౌండ్‌ని తాగుతయ్, ఈ లోతుకు వాటితో ఏం కాదు. మీరు చెప్పిన రెండు జాగలూ ఒకటే స్వరం, 110 హెర్ట్జ్. పదడుగుల దూరంల ఉన్న రెండు గోడల మధ్య కొట్టుకుని నిలబడే శబ్దాలల్ల ఒకటి సరిగ్గ ఆ చుట్టుపక్కలనే పడ్తది, 113 దగ్గర. మీ రూమ్ పొడుగు, వెడల్పు రెండూ పదే కాబట్టి రెండు దిక్కులా అదే స్వరం పట్టుకుంది, ఆంప్ మూలకు నేల మీద పెట్టేసరికి రెండు గోడలు, బండలు మూడూ కలిసి దాన్ని ఇంకా లేపుతున్నయ్.

ఆంప్‌ని మూల నుంచి తీసి గోడకు మూడడుగుల దూరం జరపండి, నేల మీద కాకుండ కుర్చీ మీద పెట్టి మూతి మీ చెవి దిక్కు వచ్చేటట్టు కొంచెం వెనక్కి వాల్చండి. తర్వాత ఎవరినన్నా ఆ ఐదో తీగ వదలకుండ మీటుమని చెప్పి మీరు రూమంతా నడవండి, ఒక కాడ చెవులు మూసుకోవాలనిపిస్తది, రెండడుగులు జరగంగనే ఆ స్వరం సగం అయిపోతది. కుర్చీ వేసుకుని కూసునేది ఆ రెండో కాడ.